ఇంజిన్ తిరుగుతున్నా వోల్టేజి ఎందుకు రాదు? చిన్న జనరేటర్లలో లోపాన్ని వెతికే పద్ధతి

గోదావరి డెల్టాలోని రొయ్యల చెరువుల్లో రాత్రి గడిచేకొద్దీ నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతూ వస్తుంది. పగటిపూట నీటిలోని సూక్ష్మ శైవలాలు సూర్యకాంతి సాయంతో ఆక్సిజన్‌ను విడుదల చేస్తాయి. చీకటి పడ్డాక ఆ పని ఆగిపోతుంది. కానీ రొయ్యలు, శైవలాలు, అడుగు బురదలోని బాక్టీరియా శ్వాసించడం మాత్రం ఆగదు. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ అత్యంత తక్కువ స్థాయికి చేరుతుంది. లీటరు నీటికి 3 మిల్లీగ్రాముల కంటే తగ్గితే వనామి రొయ్యలు ఒత్తిడికి గురవుతాయి. ఇంకా పడిపోతే కొన్ని గంటల్లోనే చెరువు మొత్తం నష్టపోయే ప్రమాదం ఉంది. ఆ సమయంలో నీటికి గాలి అందించేవి ఏరియేటర్లు. కరెంటు పోతే వాటిని నడిపేది గట్టు మీద ఉండే డీజిల్ జనరేటర్.

అయితే కొన్నిసార్లు ఇంజిన్ మామూలుగానే స్టార్ట్ అవుతుంది, ప్యానెల్ మీది వోల్ట్‌మీటర్ ముల్లు మాత్రం సున్నా దగ్గరే ఉండిపోతుంది. లేదా 415 వోల్టులు ఉండాల్సిన చోట 340 మాత్రమే చూపిస్తుంది. ఒక్కోసారి ముల్లు పైకీ కిందికీ ఊగుతుంది. మరోసారి 480 దాటిపోయి మోటార్ల వైండింగులు కాలిపోయే పరిస్థితి వస్తుంది. ఇలాంటప్పుడు చాలామందికి ముందుగా గుర్తొచ్చేది ఏవీఆర్, అంటే ఆటోమేటిక్ వోల్టేజి రెగ్యులేటర్. అది పాడైందనుకుని కొత్తది బిగిస్తారు. కొన్నిసార్లు సమస్య తీరుతుంది. కొన్నిసార్లు లోపం అలాగే ఉంటుంది. మరికొన్నిసార్లు కొత్త ఏవీఆర్ కూడా కాలిపోతుంది.

దీనికి కారణం సులువైనదే. వోల్ట్‌మీటర్ ఫలితాన్ని చూపిస్తుంది, కారణాన్ని కాదు. జనరేటర్ వోల్టేజి నాలుగు విషయాల మీద ఆధారపడుతుంది: ఇంజిన్ వేగం, రోటార్‌లోని అయస్కాంత క్షేత్రం, వోల్టేజిని గమనించే తీగలు, బయట ఉన్న లోడ్. ఈ నాలుగింటిలో ఏది తప్పిందో తేల్చుకున్నాకే విడిభాగం మార్చాలి. అందుకు కావలసినవి ఒక మల్టీమీటర్, ఒక 12 వోల్టుల బ్యాటరీ, వరుసగా అడగాల్సిన కొన్ని ప్రశ్నలు.

వోల్టేజిని నిలబెట్టేది ఎవరు?

తీగచుట్ట దగ్గర అయస్కాంత క్షేత్రం మారుతూ ఉంటే ఆ తీగలో విద్యుత్తు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే ప్రయోగపూర్వకంగా చూపించారు. నేటి జనరేటర్ కూడా అదే సూత్రం మీద నడుస్తుంది. మధ్యలో తిరిగే రోటార్ ఒక విద్యుదయస్కాంతం. దాని చుట్టూ కదలకుండా ఉండే స్టేటార్ వైండింగులలో వోల్టేజి పుడుతుంది. ఆ వోల్టేజి రోటార్ ఎంత వేగంగా తిరుగుతోంది, ఎంత బలమైన అయస్కాంతంగా ఉంది అనే రెండింటి మీద ఆధారపడుతుంది.

ఇందులో వేగాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చే వీలు లేదు. నిమిషానికి తిరిగే చుట్లను ధ్రువాల సంఖ్యతో గుణించి 120తో భాగిస్తే పౌనఃపున్యం, అంటే ఫ్రీక్వెన్సీ వస్తుంది. నాలుగు ధ్రువాల డీజిల్ జనరేటర్ నిమిషానికి 1500 చుట్లు తిరిగితేనే 50 హెర్ట్జ్ వస్తుంది. దుకాణాల ముందు కనిపించే రెండు ధ్రువాల చిన్న పెట్రోల్ జనరేటర్ అందుకోసం 3000 చుట్లు తిరగాలి. వేగాన్ని అక్కడే ఉంచడం ఇంజిన్‌లోని గవర్నర్ పని. కాబట్టి వోల్టేజిని సరిదిద్దడానికి మిగిలే మార్గం ఒక్కటే: రోటార్ అయస్కాంత బలాన్ని పెంచడం లేదా తగ్గించడం.

లోడ్ పెరిగితే స్టేటార్‌లో ప్రవహించే కరెంటు రోటార్ క్షేత్రాన్ని కొంత బలహీనపరుస్తుంది. వైండింగులలోనూ కొంత వోల్టేజి తగ్గుతుంది. దాన్ని భర్తీ చేయడానికి రోటార్‌కు మరింత కరెంటు ఇవ్వాలి. లోడ్ తీసేస్తే వెంటనే తగ్గించాలి. ఏవీఆర్ చేసేది ఇదే. బయటికి వచ్చే వోల్టేజిని రెండు మూడు సన్నని తీగల ద్వారా గమనిస్తూ, ఉండాల్సిన విలువతో పోల్చుకుంటూ, ఆ తేడాను బట్టి ఫీల్డ్ కరెంటును సర్దుతుంది.

మేడ మీది నీళ్ల ట్యాంకులోని ఫ్లోట్ వాల్వ్ కూడా ఇలాగే పనిచేస్తుంది. నీటిమట్టం తగ్గితే బంతి దిగి వాల్వ్ తెరుచుకుంటుంది, మట్టం పెరిగితే మూసుకుంటుంది. ట్యాంకు నిండకపోతే తప్పు వాల్వ్‌దే కానక్కర్లేదు. పైపులో నీళ్లు రాకపోవచ్చు, ట్యాంకుకు చిల్లు పడి ఉండవచ్చు, బంతి ఎక్కడో ఇరుక్కుని ఉండవచ్చు. జనరేటర్‌లోనూ అంతే.

నివురుగప్పిన నిప్పు

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. ఏవీఆర్ పనిచేయాలంటే జనరేటర్ నుంచి వోల్టేజి రావాలి. వోల్టేజి రావాలంటే ఏవీఆర్ ఫీల్డ్ కరెంటు ఇవ్వాలి. మరి మొదటి అడుగు ఎవరిది?

దీనికి జవాబు రోటార్‌లోని ఇనుములో ఉంది. ఒకసారి అయస్కాంతంగా మారిన ఇనుములో కరెంటు ఆపేశాక కూడా కొద్దిపాటి అయస్కాంతత్వం మిగిలి ఉంటుంది. దాన్ని అవశేష అయస్కాంతత్వం అంటారు. నివురుగప్పిన నిప్పులాంటి ఆ కొద్దిపాటి క్షేత్రం చాలు, ఇంజిన్ తిరగగానే స్టేటార్‌లో కొన్ని వోల్టులు పుడతాయి. ఏవీఆర్ వాటిని తీసుకుని ఫీల్డ్‌కు పంపుతుంది. క్షేత్రం బలపడుతుంది, వోల్టేజి మరింత పెరుగుతుంది. కొన్ని సెకన్లలోనే అది పూర్తి స్థాయికి చేరుతుంది. ఇలా యంత్రం తన క్షేత్రాన్ని తానే పెంచుకోవచ్చన్న సూత్రాన్ని 1866-67 ప్రాంతంలో వెర్నర్ వాన్ సీమెన్స్, చార్లెస్ వీట్‌స్టోన్, శామ్యూల్ వార్లీ విడివిడిగా ముందుకు తెచ్చారు.

నెలల తరబడి వాడకుండా వదిలేసిన జనరేటర్‌లో ఈ అవశేష అయస్కాంతత్వం తగ్గిపోవచ్చు. మరమ్మతు సమయంలో ఫీల్డ్ తీగలకు బ్యాటరీని తిరగేసి కలిపినా చెదిరిపోవచ్చు. అప్పుడు ఏ భాగమూ పాడవకుండానే వోల్టేజి సున్నా అవుతుంది. తుపానుల కాలం వచ్చేదాకా షెడ్డులో మూలన పడి ఉండే జనరేటర్లకు ఈ ఇబ్బంది ఎక్కువ.

దీన్ని తేల్చుకోవడానికి ఏవీఆర్ తీగలను విడదీసి, లోడ్ లేకుండా ఇంజిన్‌ను పూర్తి వేగంతో నడిపి, స్టేటార్ టెర్మినళ్ల వద్ద వోల్టేజిని కొలవాలి. కొన్ని వోల్టులు కనిపిస్తే అవశేష అయస్కాంతత్వం ఉన్నట్టే. అయినా వోల్టేజి పుంజుకోకపోతే ఏవీఆర్, దాని ఫ్యూజు, తీగలు, ఫీల్డ్ సర్క్యూట్ మీద దృష్టి పెట్టాలి. దాదాపు ఏమీ రాకపోతే ఫీల్డ్‌ను మళ్లీ అయస్కాంతీకరించాలి. ఇంజిన్ ఆపి, ఫీల్డ్ తీగలను ఏవీఆర్ నుంచి పూర్తిగా విడదీసి, వాటికి 12 వోల్టుల బ్యాటరీని ఫ్యూజు ద్వారా కొన్ని సెకన్లు కలపాలి. ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ సరిచూసుకోవడం ముఖ్యం. ఏవీఆర్‌కు కలిసి ఉండగానే బ్యాటరీ పెడితే బాగున్న ఏవీఆర్ కూడా పాడైపోవచ్చు.

మొదట అడగాల్సింది వేగం గురించి

వోల్టేజి తక్కువగా ఉన్నప్పుడు వోల్ట్‌మీటర్ కంటే ముందు ఫ్రీక్వెన్సీ మీటర్‌ను చూడాలి. చాలా ఏవీఆర్‌లలో ఒక రక్షణ ఏర్పాటు ఉంటుంది. ఫ్రీక్వెన్సీ ఒక హద్దు కంటే తగ్గితే, సాధారణంగా 50 హెర్ట్జ్ యంత్రాలలో 47 హెర్ట్జ్ దాపున, ఏవీఆర్ కావాలనే వోల్టేజిని తగ్గించడం మొదలుపెడుతుంది.

దీని వెనక భౌతికశాస్త్రం ఉంది. వేగం తగ్గినా అదే వోల్టేజి రావాలంటే అయస్కాంత క్షేత్రాన్ని చాలా పెంచాలి. కానీ ఇనుము కొంత మేరకే క్షేత్రాన్ని మోయగలదు. ఆ హద్దుకు చేరాక ఫీల్డ్ కరెంటు విపరీతంగా పెరుగుతుంది, వైండింగులు వేడెక్కుతాయి. అందుకే వేగంతో పాటే వోల్టేజినీ దిగనివ్వడం క్షేమం. హద్దు 47 హెర్ట్జ్‌గా ఉన్న యంత్రంలో ఫ్రీక్వెన్సీ 40కి పడిపోతే, 415 వోల్టులు అదే నిష్పత్తిలో తగ్గి దాదాపు 353కు వస్తాయి. ఇక్కడ తప్పు ఏవీఆర్‌ది కాదు. డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండవచ్చు, గాలి ఫిల్టర్‌లో దుమ్ము పేరుకుని ఉండవచ్చు, గవర్నర్ సర్దుబాటు తప్పి ఉండవచ్చు. లేదా ఇంజిన్ మోయగలిగిన దానికంటే లోడ్ ఎక్కువై ఉండవచ్చు. ఏవీఆర్ ఎన్నిసార్లు మార్చినా వీటిలో ఏదీ సరికాదు.

ముల్లు ఊగుతున్నప్పుడూ ఇదే ప్రశ్న పనికొస్తుంది. వోల్టేజితో పాటు ఫ్రీక్వెన్సీ కూడా ఊగుతుంటే, ఇంజిన్ శబ్దం లయ తప్పి పెరుగుతూ తగ్గుతూ ఉంటే, కారణం ఇంజిన్‌లోనో గవర్నర్‌లోనో ఉంది. ఫ్రీక్వెన్సీ నిలకడగా ఉండి వోల్టేజి ఒక్కటే ఊగుతుంటే ఏవీఆర్‌లోని స్టెబిలిటీ సర్దుబాటును, వదులైన తీగలను చూడాలి.

బ్యాటరీతో యంత్రాన్ని రెండుగా విడదీయడం

వేగం సరిగ్గానే ఉన్నా వోల్టేజి రాకపోతే తర్వాతి ప్రశ్న: లోపం ఏవీఆర్‌లో ఉందా, ఆల్టర్నేటర్‌లో ఉందా? దీనికి మెకానిక్‌లు వాడే పరీక్ష ఒకటి ఉంది. ఏవీఆర్‌ను పూర్తిగా పక్కన పెట్టి, దాని బదులు ఫీల్డ్‌కు బ్యాటరీతో కరెంటు ఇచ్చి చూస్తారు. చిన్న బ్రష్‌లెస్ జనరేటర్లు చాలావాటిలో లోడ్ లేనప్పుడు 12 వోల్టుల బ్యాటరీ ఇచ్చే కరెంటుతోనే దాదాపు పూర్తి వోల్టేజి వస్తుంది. మెయిన్ బ్రేకర్‌ను ఆఫ్‌లో ఉంచి, ఇంజిన్‌ను సరైన వేగంతో నడిపి, మూడు ఫేజుల మధ్య వోల్టేజిని విడివిడిగా కొలుస్తారు. ఫలితం మూడు రకాలుగా ఉండవచ్చు.

మూడు విలువలూ సమానంగా, 415 దగ్గర్లో ఉంటే ఆల్టర్నేటర్ బాగున్నట్టే. అప్పుడు ఏవీఆర్‌ను, దానికి వచ్చే తీగలను అనుమానించాలి.

మూడూ సమానంగానే ఉన్నా బాగా తక్కువగా ఉంటే లోపం రోటార్ వైపు ఉంది. బ్రష్‌లెస్ యంత్రంలో ఏవీఆర్ నేరుగా ప్రధాన రోటార్‌కు కరెంటు పంపదు. ఎక్సైటర్ అనే చిన్న జనరేటర్‌కు పంపుతుంది. అందులో పుట్టిన ఏసీ విద్యుత్తును షాఫ్ట్‌తో పాటే తిరిగే డయోడ్లు డీసీగా మార్చి ప్రధాన రోటార్‌కు ఇస్తాయి. మూడు ఫేజుల ఎక్సైటర్‌లో సాధారణంగా ఆరు డయోడ్లు ఉంటాయి. వాటిలో ఒకటి తెగిపోతే లోడ్ లేనప్పుడు వోల్టేజి బాగానే కనిపించి, లోడ్ పెట్టగానే కుంగిపోవచ్చు. ఒకటి షార్ట్ అయితే ఎక్సైటర్ కరెంటు బాగా పెరిగి, ఆ భారమంతా ఏవీఆర్ మీద పడుతుంది. కొత్త ఏవీఆర్ కూడా కాలిపోయిందంటే ఈ డయోడ్లను పరీక్షించకుండా మూడోది బిగించకూడదు. డయోడ్‌ను ఒక వైపు తీగ విప్పి మల్టీమీటర్‌తో కొలిస్తే ఒక దిశలో మాత్రమే కరెంటు పోవాలి. రెండు దిశల్లోనూ పోయినా, ఏ దిశలోనూ పోకపోయినా అది పాడైనట్టే.

మూడు విలువలూ ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటే స్టేటార్ వైండింగ్‌లో లోపం ఉంది. చుట్ల మధ్య ఇన్సులేషన్ పోయి ఉండవచ్చు లేదా కలిపిన చోట తీగ వదులై ఉండవచ్చు. కాలిన వాసన, ఒకే చోట అధిక వేడి కూడా ఈ విషయాన్నే చెబుతాయి. ఇది వైండింగ్ షాపులో తేలాల్సిన పని.

బ్రష్‌లు ఉన్న చిన్న జనరేటర్లలో చూడాల్సినవి ఇంకా తేలిక. అరిగిపోయిన కార్బన్ బ్రష్, స్లిప్ రింగుల మీద నల్లగా పేరుకున్న పొర, స్ప్రింగ్ పట్టు తప్పడం వల్ల రోటార్‌కు కరెంటు అందదు. కొన్ని పెట్రోల్ జనరేటర్లలో అసలు ఏవీఆరే ఉండదు. ఒక కెపాసిటర్ వోల్టేజిని నిలుపుతుంది. అది బలహీనపడితే వోల్టేజి తగ్గుతుంది. అక్కడ కెపాసిటర్‌ను డిశ్చార్జ్ చేశాకే చేయి పెట్టాలి.

వోల్టేజి పెరిగిపోతే

తక్కువ వోల్టేజి కంటే ఎక్కువ వోల్టేజి వేగంగా నష్టం చేస్తుంది. దీనికి ఒక ముఖ్య కారణం ఏవీఆర్‌కు సమాచారం తెచ్చే తీగ తెగిపోవడం లేదా వదులవడం. ట్యాంకులో ఫ్లోట్ బంతి కిందనే ఇరుక్కుపోతే వాల్వ్ తెరిచే ఉండి నీళ్లు పొర్లిపోతాయి. అలాగే వోల్టేజి అసలు రావడం లేదనుకుని ఏవీఆర్ ఫీల్డ్ కరెంటును గరిష్ఠానికి పెంచేస్తుంది. కొన్ని ఏవీఆర్‌లు దీన్ని పసిగట్టి ఫీల్డ్‌ను ఆపేస్తాయి, అన్నింటిలో ఆ సౌకర్యం ఉండదు. ఇంజిన్ ప్రకంపనలకు ఈ సన్నని తీగల స్క్రూలు వదులవుతుంటాయి కాబట్టి మొదట వాటిని బిగించి చూడాలి.

రెండో కారణం కెపాసిటర్ బ్యాంకు. పవర్ ఫ్యాక్టర్ సరిచేయడానికి పెట్టిన కెపాసిటర్లు గ్రిడ్ కరెంటు మీద మేలు చేస్తాయి. కానీ కొద్ది మోటార్లే నడుస్తున్నప్పుడు అవి చిన్న జనరేటర్ క్షేత్రాన్ని బయటి నుంచి బలపరుస్తాయి. ఏవీఆర్ తన కరెంటును పూర్తిగా తగ్గించినా వోల్టేజి దిగదు. అందుకే జనరేటర్ మీద నడిచేటప్పుడు కెపాసిటర్లను తప్పించడం మంచిది.

మూడోది రెగ్యులేటర్ లోపంలా కనిపించే న్యూట్రల్ లోపం. కొన్ని బల్బులు మిరుమిట్లు గొలుపుతూ కాలిపోతాయి, మరికొన్ని మసకగా వెలుగుతాయి. లోడ్ బోర్డు దగ్గర కొలిస్తే ఫేజుల మధ్య 415 సక్రమంగానే ఉంటుంది. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య మాత్రం 240 ఉండాల్సిన చోట ఒకదాంట్లో 160, మరోదాంట్లో 300 లాంటి విలువలు కనిపించవచ్చు. జనరేటర్ టెర్మినళ్ల దగ్గర అన్నీ సరిగ్గా ఉండి బోర్డు దగ్గర ఇలా ఉంటే న్యూట్రల్ తీగ మధ్యలో ఎక్కడో తెగింది. దీనికి ఏవీఆర్‌తో సంబంధం లేదు.

లోడ్ కూడా కారణం కావచ్చు

25 కేవీఏ జనరేటర్ 415 వోల్టుల వద్ద ఇవ్వగలిగేది ఫేజుకు దాదాపు 35 ఆంపియర్లు. 2 హెచ్‌పీ ఏరియేటర్ మోటారు నడిచేటప్పుడు సుమారు 3.5 ఆంపియర్లు తీసుకుంటుంది. అలాంటివి ఎనిమిది ఉంటే 28 ఆంపియర్లు, లెక్క ప్రకారం సరిపోతుంది. కానీ నేరుగా స్టార్ట్ చేసిన మోటారు మొదటి క్షణాల్లో దాదాపు ఆరు రెట్ల కరెంటు లాగుతుంది. ఎనిమిదింటినీ ఒకేసారి ఆన్ చేస్తే 168 ఆంపియర్లు కావాలి. అది జనరేటర్ శక్తికి దాదాపు ఐదు రెట్లు. వోల్టేజి కుప్పకూలుతుంది, కాంటాక్టర్లు విడిపోతాయి, మోటార్లు తిరగలేక గుర్రుమంటాయి. ఒక్కొక్కటిగా, కొన్ని సెకన్ల ఎడంతో ఆన్ చేస్తే అదే జనరేటర్ అదే లోడ్‌ను మోస్తుంది.

తక్కువ వోల్టేజితోనే నెట్టుకురావడం కూడా మంచిది కాదు. ఇండక్షన్ మోటారు తిప్పే బలం వోల్టేజి వర్గానికి అనులోమంగా ఉంటుంది. 415 బదులు 340 వోల్టులు ఇస్తే ఆ బలంలో దాదాపు మూడో వంతు పోతుంది. అదే నీటిని తిప్పడానికి మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది.

ప్రాణాలకు సంబంధించిన జాగ్రత్తలు

ఏవీఆర్ విడదీసి ఉన్నా, రోటార్ తిరుగుతున్నంతసేపూ టెర్మినళ్లను ప్రమాదకరంగానే చూడాలి. బ్యాటరీ పరీక్షలో పూర్తి 415 వోల్టులు వస్తాయి కాబట్టి ఆ పని అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ చేతులమీదుగానే జరగాలి. మెగ్గర్‌తో ఇన్సులేషన్ పరీక్షించే ముందు ఏవీఆర్‌ను, డయోడ్లను తప్పించకపోతే అవి దెబ్బతింటాయి. మూసి ఉన్న షెడ్డులో ఇంజిన్ నడపకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, తెలిసేలోపే మనిషి స్పృహ తప్పుతాడు.

చేంజ్ ఓవర్ స్విచ్ లేకుండా జనరేటర్‌ను వైరింగుకు కలపడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఆ కరెంటు వెనక్కి వెళ్లి డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్‌లో 11,000 వోల్టులుగా మారగలదు. లైను చనిపోయిందనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటాక అనేక ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజుల్లోనే జనరేటర్లు ఎక్కువగా నడుస్తాయి, లైన్‌మన్లు కూడా స్తంభాల మీదే ఉంటారు.

బాగున్నప్పుడే రాసిపెట్టుకోవాల్సిన అంకెలు

లోపం వచ్చినప్పుడు కొలిచిన విలువ సరైనదో కాదో తెలియాలంటే, యంత్రం బాగున్నప్పటి విలువ తెలిసి ఉండాలి. ఫీల్డ్ వైండింగ్ నిరోధం ఎన్ని ఓములు, ఏవీఆర్ లేకుండా వచ్చే అవశేష వోల్టేజి ఎంత, లోడ్ లేనప్పుడూ పూర్తి లోడ్ మీదా వోల్టేజి, ఫ్రీక్వెన్సీ ఎంతెంత అన్నవి యంత్రానికీ యంత్రానికీ మారతాయి. వీటిని ఒకసారి కొలిపించి, తేదీతో సహా ప్యానెల్ తలుపు లోపల అతికిస్తే తర్వాత వచ్చే ఏ మెకానిక్‌కైనా సగం పని తగ్గుతుంది. నెలకోసారైనా జనరేటర్‌ను కొంత లోడ్ మీద నడిపితే అవశేష అయస్కాంతత్వం నిలుస్తుంది, స్టార్టింగ్ బ్యాటరీ ఛార్జ్ అవుతుంది. వదులైన తీగ కూడా కరెంటు అవసరం లేని పగటిపూటే బయటపడుతుంది.